బానెట్ లాక్‌కి కుంకుడుకాయ ముందు, నూనె తర్వాత

నెల రోజులుగా మా శ్రీకాకుళం గ్రూపుల్లో ఒక ఫార్వర్డు తిరుగుతోంది. నాకే ఆరుగురు పంపారు. అందులో ఇద్దరు నా దగ్గర బండి బాగు చేయించుకునేవాళ్లే, “నిజమేనా?” అని అడిగారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

“కారు బానెట్ కీచుమంటోందా? లీవరు లాగినా తెరుచుకోవట్లేదా? మెకానిక్‌కి డబ్బులు తగలెయ్యకండి. లాక్‌లో వంటింటి నూనె ధారగా పోయండి. లేదా డబ్ల్యూడీ-40 కొట్టండి, అదీ గ్రీజే. అప్పటికీ రాకపోతే లీవరు బలంకొద్దీ లాగండి. మూసేటప్పుడు పైనుంచి వదిలేయండి, ఎంత చప్పుడైతే అంత గట్టిగా పడినట్టు. ముందున్న చిన్న కొక్కెం పట్టేస్తుంటే ఊడదీసెయ్యండి, పెద్ద లాక్ ఉండగా అది దండగ. కీచుమనే శబ్దం లాక్‌దే, ఇంకెక్కడిదీ కాదు. పదిమందికి పంపండి.”

మెకానిక్ అక్కర్లేదన్న మాట ఒప్పుకుంటాను. కళింగపట్నం రోడ్డులో షెడ్డు పెట్టుకుని బతికేవాణ్ణి, నా పొట్ట మీద కొట్టే మాటే, అయినా ఒప్పుకుంటాను. గంట పని. పాత టూత్‌బ్రష్షు, గుడ్డ పేలిక, కాస్త కిరసనాయిలు, చిన్న గ్రీజు ట్యూబు ఉంటే ఇంటి ముందే చేసుకోవచ్చు. నా పేచీ మిగతా అంతటితోనూ. వాళ్ల వరసలో కాకుండా, ప్రాణం మీదకి తెచ్చేది ముందు చెబుతాను.

ఆ చిన్న కొక్కెం సంగతి. లోపల లీవరు లాగాక బానెట్ రెండు వేళ్ల మందం లేచి ఆగిపోతుంది కదా. ఆ సందులోకి చెయ్యి పెట్టి వెతుక్కుని, పైకో పక్కకో నొక్కితే గానీ పూర్తిగా లేవదు. అలా ఆపుతున్నదే సేఫ్టీ క్యాచ్. పెద్ద లాక్ సరిగా పడకపోయినా, పట్టేసిన కేబుల్ వెనక్కి రాకుండా లాక్‌ని సగం తెరిచి ఉంచినా, బానెట్‌ని పట్టుకునేది అదొక్కటే. గాలి తోపుడు వేగంతో పాటు సమానంగా పెరగదు. 50లో ఉన్నదానికి 100లో రెండింతలు కాదు, నాలుగింతలు. నరసన్నపేట దాటి 16వ నంబరు హైవే మీద టెక్కలి వైపు పోతున్నారు, బానెట్ అంచు కిందకి గాలి దూరింది, కొక్కెం లేదు. రేకు ఒక్కసారిగా లేచి అద్దం మీద పడుతుంది. ముందు రోడ్డే కనపడదు, వెనకేమో గ్రానైట్ దిమ్మలేసుకుని లారీ. అమెరికాలో ఇలా ముందు నుంచి తెరుచుకుని అద్దానికి అడ్డొచ్చే బానెట్‌కి రెండో పట్టు ఉండి తీరాలని చట్టమే ఉంది. దండగ వస్తువుకి ఎవరూ చట్టం చెయ్యరు.

అది పట్టేస్తోందంటే మట్టి పట్టిందనో, దాని స్ప్రింగు తుప్పు పట్టిందనో అర్థం. కడిగి, ఇరుసు దగ్గర పెసరగింజంత గ్రీజు పెడితే ఆడుతుంది. స్ప్రింగు విరిగితే కొత్తది వెయ్యాలి. పరీక్ష చాలా తేలిక: లీవరు లాగండి, కొక్కెం ముట్టుకోకుండా బానెట్ పైకి ఎత్తడానికి చూడండి. ఆ రెండు వేళ్ల మందం దాటి లేవకూడదు. లేచిందంటే ఆ బండి హైవే ఎక్కకూడదు.

(ఒకవేళ నడుస్తుండగానే లేచిపోతే: బ్రేకు ఒక్కసారిగా తొక్కొద్దు. చాలా కార్లలో స్టీరింగ్ పక్క నుంచి కిందకి వంగితే, బానెట్‌కీ డ్యాష్‌బోర్డుకీ మధ్య సన్నటి సందులోంచి కాస్త రోడ్డు కనిపిస్తుంది. అది చూస్తూ, పక్క అద్దంలోంచి గీత చూసుకుంటూ, నాలుగు లైట్లూ వేసి మెల్లగా ఎడమకి దించాలి.)

ఇక నూనె. మా రోడ్డులో ఒక మాస్టారున్నారు, కారుని కూతురిలా చూసుకుంటారు. రథసప్తమి ముందు రోజు పొద్దున్నే బండి తోసుకొచ్చినంత పని చేశారు. అరసవల్లి వెళ్లాలి, రేడియేటర్లో నీళ్లు చూద్దామంటే బానెట్ రావట్లేదు. “ఇదేటోయ్, గిన్నెడు నూనె పోసేను, ముందుకంటే బిగిసిపోయింది!” అన్నారు. ఏం నూనె అంటే కొబ్బరినూనె. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలం మనింట్లో సీసా తెల్లగా అయిపోయి, ఎండలో పెట్టి కరిగించుకోమూ? లాక్‌లో పోసింది కూడా అదే నూనె. రాత్రి మంచుకి పేరుకుని, సన్నటి స్ప్రింగు తొయ్యలేనంత చిక్కగా అయింది.

అయినా గడ్డకట్టడం చిన్న తప్పు, ఎండెక్కితే కరుగుతుంది. పెద్ద తప్పు ఇసుక. కళింగపట్నం వైపు తిరిగే బళ్ల ముక్కుల నిండా సముద్రపు ఇసుక, రోడ్డు దుమ్ము. ఆ లాక్ ఉండేది సరిగ్గా గ్రిల్ వెనక, ముందు గాలంతా దాని మొహానే కొడుతుంది. ఇసుక మీద నూనె పోస్తే ఏమవుతుందో మా షెడ్డులో ఏ కుర్రాణ్ణడిగినా చెబుతాడు. వాల్వులు అరగదీయడానికి మేం వాడే పేస్టు అదే: గ్రీజులో గరుకు పొడి. లాక్ మెత్తబడాలని పోసింది లాక్‌ని అరగదీస్తుంది. పొద్దుతిరుగుడు నూనెలాంటివైతే ఇంకో గొడవ, గాలికి పట్టి పట్టి జిగురవుతాయి. పొయ్యి పక్క నూనె డబ్బా మూత చుట్టూ పసుపచ్చగా అంటుకునే బంక చూశారుగా, అదీ. పాత ఇంజిన్ ఆయిల్ అని ఇంకొందరు సలహా ఇస్తారు, అందులో మసీ లోహపు పొడీ ఉంటాయి, దానికి వేరే పేరా అక్కర్లేదు.

తాతల నాడు ఎడ్లబండి ఇరుసుకి ఆముదం కందెన వేసేవారు కదా అని మాస్టారే అడిగారు. వేసేవారు. ఆముదం మంచి కందెనే, క్యాస్ట్రాల్ అన్న పేరు పుట్టిందే ఆముదానికున్న ఇంగ్లీషు పేరులోంచి. కానీ బండివాడు చక్రం ఊడదీసి, పాత మడ్డి గీకి, అప్పుడు కొత్తది పట్టించేవాడు. అది వారాల లెక్కన చేసే పని, ‘ఒకసారి పోస్తే జన్మకి చాలు’ అని ఎవడూ అనలేదు.

మనిషి తలకి నూనె ముందు, కుంకుడు తర్వాత. లాక్‌కి ఆ వరస తిరగబడుతుంది.

ఎలాగో చెబుతాను, ఫార్వర్డులో లేనిది ఇదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. కిరసనాయిలు ఆవిరి వేడి గొట్టాల దగ్గర అంటుకోగలదు, పెట్రోలు అయితే అసలు వద్దు, అది చల్లటి వేళ కూడా అంటుకుంటుంది. బానెట్ ఎత్తి కడ్డీ మీద నిలబెట్టండి. లాక్ కింద గుడ్డ పరవండి, చాలా బళ్లలో హారను ఆ పక్కనే ఉంటుంది, దాని వైర్ల మీద కారకూడదు. ఇప్పుడు దగ్గరగా వంగి చూడండి. చాలా కార్లలో లాక్ అంటే ఒక నాలుక, ఒక పన్ను. బానెట్ అడుగున ఉన్న వంకీ కడ్డీ దిగగానే నాలుక తిరిగి దాన్ని పట్టుకుంటుంది. పన్ను వచ్చి నాలుక వెనక్కి పోకుండా అడ్డం పడుతుంది. మీరు లోపల లీవరు లాగితే కేబుల్ ఆ పన్నుని పక్కకి జరుపుతుంది. ఇంతే యంత్రం. పట్టేసే చోట్లు రెండే: నాలుక తిరిగే మేకు, పన్ను తిరిగే మేకు.

బ్రష్షు కిరసనాయిల్లో ముంచి ఆ రెండు మేకుల దగ్గరా రుద్దండి. నల్లటి మడ్డి దిగుతుంది, గుడ్డతో తుడిచి మళ్లీ రుద్దండి. మూడోసారికి లోహం రంగు తేలుతుంది. ఆరాక తెల్ల లిథియం గ్రీజు రెండు మేకులకీ, వంకీ కడ్డీ రాసుకునే చోటా పలచగా పెట్టండి. స్క్రూడ్రైవరుతో నాలుకని కిందకి నొక్కితే “టక్” మని పడుతుంది. లోపల లీవరు లాగి విడిపించండి. ఇలా పదిసార్లు. బయటికి ఉబికిన గ్రీజు తుడిచెయ్యండి, అది దుమ్ముకి ఆహ్వానపత్రిక.

ఇక్కడొక గోతి ఉంది, మా కుర్రాడు ఒకసారి పడ్డాడు. స్క్రూడ్రైవరుతో నాలుక మూశాక విడిపించడం మరిచిపోయి బానెట్ దించేస్తే, వంకీ కడ్డీ వచ్చి మూసిన నాలుక మీద పడుతుంది. రెంటిలో ఒకటి వంగుతుంది. దించేముందు నాలుక తెరిచి ఉందో లేదో కళ్లారా చూడాలి.

డబ్ల్యూడీ-40 మీద నాకు కోపం లేదు, షెడ్డులో ఎప్పుడూ డబ్బా ఉంటుంది. 1953లో అమెరికాలో శాన్‌డియాగోలో తయారైన సరుకు. పేరులోనే ఉంది: నీటిని తోసేసే మందు, 40వ ప్రయత్నంలో కుదిరింది. తుప్పు సందుల్లోకి దూరుతుంది, తడిని గెంటుతుంది, బిగిసినదాన్ని వదులు చేస్తుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తర్వాత వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి ఉప్పు గాలికీ వానకీ నాని వచ్చిన బళ్లకి నేను వాడింది అదే. కానీ కొట్టినదాంట్లో ఎక్కువ భాగం ఆరిపోతుంది, మిగిలే పొర బాగా పలచన. వారం పది రోజులు హాయిగా తెరుచుకుంటుంది, వాన పడ్డాక మళ్లీ మొదటికి. గ్రీజు పనికి వేరే గ్రీజు కావాలని ఆ కంపెనీకీ తెలుసు, అందుకే తెల్ల లిథియం గ్రీజు వేరే డబ్బాలో అమ్ముతోంది. కిరసనాయిలుకి బదులు దీంతో కడగండి, దీంతో ఆపొద్దు.

లీవరు బలంకొద్దీ లాగడం. కేబుల్ అంటే సన్నటి తీగల పురి, చివర చిన్న గుండు, దాన్ని పట్టుకున్నది ప్లాస్టిక్ పిడి. బలానికి ముందు ఏదో ఒకటి తెగుతుంది. తెగితే బానెట్ మూసే ఉంటుంది, గ్రిల్ ఊడదీసి కింద నుంచి వెతుక్కోవాలి. అప్పుడు నిజంగానే మెకానిక్‌కి డబ్బులు తగలెయ్యాలి. మూసిన బానెట్‌ని అడుగున రబ్బర్లు పైకి తోస్తుంటాయి. ఆ ఒత్తిడికి నాలుక పన్ను మీద బిగిసి కూర్చుంటుంది, పన్ను జరగదు. ఇంట్లో వాళ్లని ఒకర్ని పిలవండి. వాళ్లు లాక్ పైన, బానెట్ ముందు అంచు మధ్యలో అరచేత్తో కిందకి నొక్కి పట్టాలి, అదే క్షణంలో మీరు మామూలుగా లాగాలి. బిగువు తగ్గి పన్ను జరుగుతుంది. మాస్టారి బండి అలాగే తెరిచాం, ఆయన నొక్కారు, నేను లాగాను. ఒక్క సెకను. అంత రభస చేసిన బానెట్ అంత సులువుగా లేవడం ఆయనకి నచ్చలేదు కూడా.

ఎత్తు నుంచి వదలడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జానెడు ఎత్తు చాలు, బరువుకి అదే పడుతుంది. అంతకంటే ఎత్తు నుంచి దబ్బున పడేస్తుంటే రబ్బర్లు నలుగుతాయి, వంకీ కడ్డీ వంగుతుంది, కొన్నాళ్లకి లాక్ చోటు తప్పుతుంది. పడలేదని చేతులతో రేకు మధ్యన అదిమితే సొట్ట పడుతుంది, టింకరింగు ఖర్చు వేరే.

ఇక కీచుమనేదంతా లాక్‌దేనన్న మాట. పది బళ్లు ఇదే మాటతో వస్తే సగానికి సగం లాక్‌వి కావు, నా అనుభవం అంతే. ముందు బానెట్ మెల్లగా ఎత్తి దించండి. అప్పుడే అరిస్తే అది అద్దం వైపు బందులది, అక్కడ చుక్క నూనె చాలు, వంటింటిది కాదు. ఎత్తి దించితే నిశ్శబ్దం, గతుకుల్లో మాత్రం అరుస్తోందంటే, బానెట్ అడుగు రబ్బర్ల మీద మడిచిన కాగితం ముక్కలు పెట్టి మూసి ఒక చుట్టు తిరిగి రండి. శబ్దం పోతే రబ్బర్లదే. వాటికి నూనె, మామూలు గ్రీజు తగలకూడదు, ఉబ్బి పాడవుతాయి. తుడిచి మొహానికి రాసుకునే పౌడరు అద్దండి, లేదా సిలికాన్ గ్రీజు. చాలా బళ్లలో ఆ రబ్బర్లు మరమేకులా తిరుగుతాయి, వదులైతే అర చుట్టు పైకి తిప్పితే బానెట్ ఊగడం ఆగుతుంది. బండి ఆపి ముందు మూలన చేతులతో కిందకి పైకి ఊపినప్పుడు అరిస్తే మాత్రం బానెట్ జోలికి పోకండి, అది కింద సస్పెన్షన్ బుష్‌ల ఏడుపు.

షెడ్డుకి రావాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ముందు భాగం ఎక్కడైనా తగిలి లాక్ పట్టీ వంగితే, స్ప్రింగు విరిగితే, కేబుల్ పైతొడుగు చీలి లోపల తుప్పు పడితే కడగడం వల్ల లాభం లేదు. లాక్ విప్పదలిస్తే కూడా, చాలా చిన్నకార్లకి 10 నంబరు స్పానరు సరిపోతుంది, కానీ విప్పేముందు దాని చుట్టూ మార్కరుతో గీత గీయండి. లేకపోతే ఆ చోటు మళ్లీ దొరకబుచ్చుకోవడానికి ఒక పూట పోతుంది.

మాస్టారు మొన్న మళ్లీ వచ్చారు, పనేం లేదు, టీ తాగడానికి. కూర్చోకముందే నన్ను కారు దగ్గరకి తీసుకెళ్లి లోపల లీవరు లాగారు. కొక్కెం ముట్టుకోకుండా బానెట్ అంచు రెండు చేతులతో పట్టుకుని పైకి గుంజారు. రెండు వేళ్ల మందం దగ్గర ఆగిపోయింది.

“సూసేవా?” అన్నారు.