గరిటె పడేసే పిల్లాడు ఏదో తెలుసుకుంటున్నాడు

అన్నప్రాసన రోజున మన ఇళ్లలో ఒక ముచ్చట ఉంటుంది. చాప మీద పుస్తకం, పెన్ను, బంగారం, పూలు పరిచి బిడ్డను వదులుతారు. ఏది పట్టుకుంటుందో చూద్దామని ఇంటిల్లిపాదీ కళ్లార్పకుండా కూర్చుంటారు. ఎవరూ చేతికి అందివ్వరు, ఎవరూ వద్దనరు. ఆ కాసేపూ బిడ్డ ఏం చేస్తే అదే విశేషం.

మర్నాటి నుంచి ఆ చూపు పోతుంది. గిన్నె లాగితే వద్దు, చెంచా పడేస్తే వద్దు, డబ్బా మూత తీస్తే వద్దు. అన్నప్రాసన నాటి ఆ చూపు కనీసం మూడేళ్లు నిండేదాకా ఉండాలని నా అభిప్రాయం.

మా పాపకు పద్నాలుగో నెలలో ఉల్లిపాయల పిచ్చి పట్టుకుంది. వంటింట్లో గట్టు కింది బుట్టలోంచి ఒక్కో ఉల్లిపాయా తీసుకెళ్లి వాషింగ్ మెషీన్‌లో వేసేది. నేను తీసుకొచ్చి బుట్టలో పెడితే మళ్లీ మొదలుపెట్టేది. వారం రోజులు అరిచాను. ఒకరోజు మా అత్తయ్య పాత తాటాకు బుట్టొకటి దానికిచ్చి, "ఇందులో వేసి నా దగ్గరికి తీసుకురావే తల్లీ, తరుక్కోవాలి" అన్నారు. అంతే, వాషింగ్ మెషీన్ జోలికి వెళ్లడం మానేసింది. ఉల్లిపాయలు, చెప్పులు, ఉతికిన సాక్సులు అన్నీ బుట్టలో పెట్టుకుని ఇల్లంతా తిరిగేది. దానికి కావాల్సింది ఉల్లిపాయ కాదు, మొయ్యడం. అది నాకు అర్థం కాలేదు, అత్తయ్యకు అయింది.

ఇలా పిల్లలు ఒకే రకం పనిని వేర్వేరు వస్తువులతో మళ్లీ మళ్లీ చెయ్యడాన్ని పిల్లల చదువుల శాస్త్రంలో స్కీమా అంటారు. ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే. ఆయన తన ముగ్గురు పిల్లల్నీ పుట్టినప్పటి నుంచి గమనిస్తూ రాసిపెట్టుకుని, 1936లో పుస్తకంగా తెచ్చారు. అందులో ఆయన కొడుకు లొరాన్ పది నెలల వయసులో చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. పడుకుని, హంస బొమ్మ, డబ్బా లాంటివి ఒక్కొక్కటే పట్టుకుని చెయ్యి చాపి వదిలేస్తాడు. ఒకసారి చెయ్యి పైకెత్తి, ఇంకోసారి పక్కకు చాపి. దిండు మీదో, కొత్త చోటో పడితే అక్కడే ఇంకో రెండు మూడుసార్లు పడేసి చూస్తాడు. మనకది అల్లరి. వాడు మాత్రం ఒకదాన్ని అలాగే ఉంచి ఇంకోదాన్ని మారుస్తున్నాడు. ప్రయోగశాలలో చేసే పనీ అదే కదా.

పియాజే చూసింది సొంత పిల్లల్ని. ఆ ఆలోచనను బడి ఈడుకు రాని ఇతర పిల్లల దగ్గరికి తీసుకెళ్లింది బ్రిటన్‌లో విద్యా పరిశోధకురాలు క్రిస్ ఎథీ. 1973 నుంచి అయిదేళ్లు లండన్ రోహాంప్టన్‌లో నడిచిన ఫ్రోబెల్ ప్రాజెక్టులో ఆమె బృందం 20 మంది చిన్నపిల్లల్ని గమనించి అయిదు వేలకు పైగా పరిశీలనలు రాసిపెట్టింది. ఆ పనిలో తల్లిదండ్రుల్ని కూడా కలుపుకున్నారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే. ఏ టీచరూ రోజంతా ఒక్క బిడ్డనే చూస్తూ ఉండలేరు. అమ్మ, నాయనమ్మ చూడగలరు.

మన పాత ఆటల్ని ఈ కళ్లతో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొంగు చాటున ముఖం దాచి ఆడే దోబూచులాటలో ఉన్నది కప్పడం, తెరవడం. దాచినా వస్తువు ఎక్కడికీ పోలేదన్న సంగతి బిడ్డకు తొమ్మిదో నెల అటూఇటూగా బోధపడుతున్న రోజుల్లోనే ఆ ఆట బాగా రక్తి కడుతుంది. ఒప్పులకుప్ప, బొంగరం తిరగడాన్ని పట్టుకుంటాయి. గుజ్జనగూళ్లలో నింపడం, వొంపడం, ఇంకొకరికి పెట్టడం అన్నీ ఉన్నాయి. ఎవరూ పేరు పెట్టలేదు గానీ, పిల్లల చేతులు ఏం కోరుకుంటాయో మన వాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఇరుకు ఫ్లాట్లు, ఇద్దరూ ఉద్యోగాలు. బిడ్డ గరిటె పదోసారి పడేస్తే ఓపిక ఉండదు, చేతికి ఫోన్ ఇస్తాం. అలసిపోయిన తల్లిని తప్పుపట్టను, నేనూ ఇచ్చాను. కానీ ఫోన్ బిడ్డ చేతిలోని ప్రశ్నను లాగేసుకుంటుంది. తెర మీద ఏం పడినా బరువు ఉండదు, చప్పుడు ఎక్కడిదో తెలియదు, కింద వెతికే పనిలేదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండేళ్లు నిండాక కూడా రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కుర్చీలోనో, తోపుడు బండిలోనో కట్టేసి ఒకేసారి గంటకు మించి ఉంచొద్దన్న మాట కూడా అందులోనే ఉంది. దీన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు.

మరి ఏం చెయ్యాలి? పనిని ఆపకుండా వస్తువును మార్చాలి. అన్నం గిన్నె విసిరే వాడికి తిండి అయ్యాక గుడ్డ బంతులు, ఒక బకెట్ ఇచ్చి "ఇందులో విసురు" అనాలి. చక్రాలు తిప్పే వాడిని అట్ల పిండి కలిపేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చెక్క గరిటె చేతికివ్వాలి. అన్నీ కప్పేసే పాపకు పాత చున్నీ చాలు. మాట కూడా ముఖ్యం. "ఏ రంగు ఇది?" అని పరీక్ష పెట్టడం కన్నా "గుండ్రంగా తిరుగుతోంది, ఆగిపోయింది, మళ్లీ తిరిగింది" అని పక్కనే ఉండి చెబితే ఆ మాటలు ఆ పనికే అతుక్కుంటాయి.

ఇంకా పాకని, కూర్చోగలిగే పిల్లల కోసం బ్రిటన్‌లో ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే ఆమె ఒక బుట్ట పద్ధతి పెట్టారు. ప్లాస్టిక్ బొమ్మలు కాకుండా ఇంట్లో దొరికే రకరకాల వస్తువులు బుట్టలో వేసి, పెద్దవాళ్లు పక్కన మౌనంగా కూర్చోవాలి. మన ఇంట్లో అయితే స్టీలు గ్లాసు, నున్నగా గీకిన కొబ్బరి చిప్ప, చెక్క గరిటె, నూలు గుడ్డ. ఖర్చేం లేదు. కడిగి, పగుళ్లు చూసి ఇవ్వాలి, అంతే.

జాగ్రత్త గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నింపి వొంపే ఆటకు శనగలు, పల్లీలు, బఠాణీలు ఇవ్వొద్దు. అవి ముక్కులోకో ఊపిరితిత్తుల్లోకో వెళ్లి ఆసుపత్రులకు వచ్చే పిల్లలు మన దగ్గర తక్కువేం కాదు. రిమోట్‌లో ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీలు ఇంకా ప్రమాదం. నీళ్ల ఆట ఎంత మంచిదో, అడుగున కొద్దిగా నీళ్లున్న బకెట్ పక్కన బిడ్డను ఒంటరిగా వదలడం అంత ప్రాణాంతకం.

ఇంకో భయం ఈమధ్య తల్లుల్లో పెరిగింది. బిడ్డ చక్రాలు తిప్పుతున్నా, వస్తువులు వరసగా పేర్చినా ఆటిజమేమో అని టెన్షన్. ఈ వయసులో మళ్లీ మళ్లీ చెయ్యడం ఒక్కటే జబ్బు లక్షణం కాదు. చూడాల్సింది వేరే. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, కావాల్సింది వేలితో చూపిస్తోందా, బాగున్నది తెచ్చి మనకు చూపి మన ముఖం చూస్తోందా. ఏడాదిన్నర వచ్చినా ఇవేవీ లేకపోతే "మగపిల్లలకు ఆలస్యమేలే" అని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు జిల్లా స్థాయిలో ఇందుకోసమే పెట్టారు.

ఇదంతా చదువుకున్న ఇళ్ల సంగతిగా మిగిలిపోకూడదు. అంగన్‌వాడీలను నడిపే, 1975లో మొదలైన ఐసీడీఎస్ పథకంలో మూడేళ్లు దాటిన పిల్లలు అంగన్‌వాడీ కేంద్రానికి వస్తారు గానీ, అంతకన్నా చిన్నవాళ్ల విషయం ఎక్కువగా బాలామృతం ప్యాకెట్, టీకా, తూకం దగ్గరే ఆగిపోతోంది. పుట్టుక నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏమేం చెయ్యొచ్చో చెప్పే 'నవచేతన' మార్గదర్శకాలను కేంద్రం 2024లో విడుదల చేసింది. అది అంగన్‌వాడీ టీచరుకు నింపాల్సిన మరో రిజిస్టర్‌గా మారితే ప్రయోజనం లేదు. బరువు చూసేటప్పుడు తల్లిని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలు: "ఈ నెల బిడ్డ ఏ పని మళ్లీ మళ్లీ చేస్తోంది?" విసురుతోందంటే పాత గుడ్డతో బంతి చెయ్యమనో, మోస్తోందంటే ఒక చిన్న బుట్ట ఇవ్వమనో చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది.