ఛీ అనగా భోజనమని గ్రహించగలరు

చైనా పలకరింపులు నేర్పే పుస్తకాలన్నీ 'నీ హావ్'తోనే మొదలవుతాయి. 'నీ' అంటే నువ్వు, 'హావ్' అంటే బాగు. మొదటి మాట మన మాటలాగే ఉండడంతో సగం భాష వచ్చేసినట్టేనని తెలుగువాడు పొంగిపోతాడు. అయితే చైనా మాటలను వాటికి నిర్ణయించిన స్వరాల్లోనే పలకాలి. ఆ రెండు మాటలకూ గొంతు కిందికి దిగి పైకి లేచే మూడో స్వరమే ఉన్నా, అవి పక్కపక్కన పడితే మొదటిది గొంతు పైకి మాత్రమే లేచే రెండో స్వరంగా మారాలన్నది అక్కడి సంధిసూత్రం. సవర్ణదీర్ఘాన్ని బట్టీ పట్టిన జాతిని ఇలాంటివి బెదిరించలేవు గాని, ఇంత సాధన చేసి సంపాదించిన 'నీ హావ్'ను చైనాలో దగ్గరి స్నేహితులు తమలో తాము అంతగా వాడుకోరు.

అసలు చిక్కు గౌరవం దగ్గర వస్తుంది. పెద్దవారిని 'నీ' అనకూడదు, 'నిన్' అనాలి. మన చెవికి మాత్రం అది 'నిన్నే, ఇటు రా' అని గదమాయించినట్టుంటుంది. కొత్త సంవత్సరానికి మగవారు కుడి పిడికిలిని ఎడమచేత్తో కప్పి వందనం చేయాలి. సంతాపవేళ చేతులు తారుమారవుతాయి. ఎడమచేత్తో అక్షింతలైనా ముట్టనివ్వని ఇంట్లో పెరిగినవాడు అలవాటుకొద్దీ కుడిచేతిని పైన పెట్టి, పండగపూట పరామర్శ చేసి వస్తాడు.

అన్నిటికన్నా ఆత్మీయమైనది పాత బీజింగ్ పలకరింపు, 'ఛీ ల మా?' తిన్నారా అని అర్థం. చైనా మాటలను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. 1958లో ఆమోదం పొందిన ఆ రాతను చూసి చదివే తెలుగువాడి నోట తినడమనే క్రియ 'ఛీ'గానే వెలువడుతుంది. ఛీ కొట్టి కుశలమడిగే నాగరికత ముందు మనం వినయంగా తలవంచవలసిందే.

బీజింగ్‌లో నేనున్న భవనం కాపలా పెద్దాయన మొదటి ఉదయం ఇలాగే అడిగితే, భోజనం సంగతిలో అబద్ధమాడరాదన్న సంస్కారంతో, ఇంకా తినలేదనీ, ఇడ్లీ దొరకలేదనీ సవివరంగా మనవి చేశాను. తిన్నా తినకున్నా 'ఛీ ల' అని సాగిపోవలసిన చోట ఇంత నివేదిక ఎదురయ్యేసరికి, ఆయన కాసేపు నా ముఖం చూసి, తన మధ్యాహ్నపు డబ్బా తెరిచి ఆవిరి రొట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. వద్దన్నా వినలేదు. నేను బస్సు కోసం పరుగెత్తుతుంటే వెనకనుంచి 'మాన్ జౌ' అన్నాడు, నెమ్మదిగా వెళ్ళమని. బస్సు తప్పిపోయింది.