బిగించండి, అలాగే ఉంచండి

నవంబరు మొదటి వారంలో బ్యాంకు ఉద్యోగులకు ఒత్తిడి నివారణ శిక్షణ పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, ఆ మహానుభావుడు జన్మలో కౌంటరులో కూర్చుని ఉండడు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు తాము బతికే ఉన్నామని ఏటా ధ్రువీకరించుకునే నెల అది. మాది తెనాలి, రైల్వే జంక్షను. కనుక రిటైరైన గార్డులు, డ్రైవర్లు, టికెట్ కలెక్టర్లు అందరూ మా బల్ల ముందుకే వస్తారు. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరులోనే పత్రం ఇవ్వవచ్చు గాని, అప్పుడొస్తే తోటివారు కలవరని వారూ నవంబరుకే వస్తారు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే, వేలిముద్రతో ఇచ్చే డిజిటల్ పత్రం వచ్చింది, ఇంటి నుంచే పని కానివ్వవచ్చని గోడ మీది పోస్టరు చెబుతుంది. వేళ్లు అరిగిపోయి ముద్ర పడనివారు ఆ పోస్టరు కిందే కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూస్తుంటారు.

శిక్షణ తప్పనిసరి. కెమెరా తెరిచి ఉంచాలి, ముఖం కనిపించకపోతే హాజరు పడదు, హాజరు పడకపోతే వివరణ ఇచ్చుకోవాలి. ప్రశాంతంగా ఉండనివారిపై చర్య తీసుకుంటామన్న ఆ ఉత్తర్వును మేనేజరుగారు మాకు చదివి వినిపించి, నన్ను అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, నా కౌంటరుకు 'కాసేపట్లో' అన్న బోర్డు తగిలించారు.

ఒత్తిడి పనిలో లేదని, పనిని మనం చూసే చూపులో ఉందని శిక్షకురాలు తేల్చి చెప్పారు. బదిలీ అయిన క్యాషియరు స్థానంలో ఇంతవరకు మనిషిని వేయలేదు. ఆ ఖాళీ కుర్చీని ఏ చూపుతో చూస్తే అందులో క్యాషియరు కనిపిస్తాడో అడుగుదామనుకున్నాను గాని, మా మైకులన్నీ వాళ్లే ఆపి ఉంచారు.

తర్వాత కండరాల సడలింపు మొదలైంది. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా వైద్యుడు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో రూపొందించిన పద్ధతి ఇది, ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. తన భుజాలు పొద్దుటి నుంచి బిగుసుకునే ఉన్నాయన్న సంగతి మనిషికి తెలియదు. వాటిని కావాలని ఇంకాస్త బిగించి, 5 నుంచి 10 సెకన్లు ఉంచి, ఒక్కసారిగా వదిలేస్తే, వదులుగా ఉండడమంటే ఏమిటో ఒంటికి అప్పుడు తెలిసివస్తుంది. మందంతా ఆ వదలడంలోనే ఉంది. ఒక్కొక్క భాగాన్నే వరుసగా బిగించాలి, ఊపిరి మాత్రం ఆపకూడదు. మా శిక్షకురాలికి సమయం చాలలేదు కాబోలు, పిడికిళ్లు, భుజాలు, దవడలు, కాలివేళ్లు అన్నింటినీ ఒకేసారి బిగించమన్నారు. కళ్లు గట్టిగా మూయమన్నారు. "బిగించండి, అలాగే ఉంచండి" అన్నారు.

అంతటితో ఆమె గొంతు ఆగిపోయింది.

నెట్ పోయిందని కళ్లు మూసుకున్నవాడికి ఎలా తెలుస్తుంది? సెకన్లు లెక్కపెడుతున్నారనుకున్నాను. మా ఉద్యోగంలో ఏ ఉత్తర్వైనా తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు అమలులో ఉంటుంది. ఎప్పుడో తాత్కాలికంగా ఏర్పాటు చేసిన టోకెన్ల పద్ధతి అలాగే నేటికీ శాశ్వతంగా నడుస్తోంది. కనుక భుజాలు చెవులను తాకుతుండగా, పచ్చి ఉసిరికాయ కొరికినట్టు ముఖం ముడుచుకుని, నేను తదుపరి ఉత్తర్వుల కోసం కూర్చున్నాను.

గదికి గోడ బదులు అద్దం ఉందన్న విషయం అప్పుడు గుర్తుకు రాలేదు. "అయ్యో, అబ్బాయికి ఫిట్స్ వచ్చినట్టున్నాయండీ!" అని బయట ఎవరో కేకవేశారు. ఆ అబ్బాయి ఎవరో పాపం అనుకుంటూ ఇంకాస్త బిగించాను. ఇంతలో తలుపు తెరుచుకుంది, నా కుడి పిడికిలిలోని బొటనవేలిని ఎవరో ఊడలాగడం మొదలుపెట్టారు. హాజరు తనిఖీకి మనిషినే పంపారేమోనని అనుమానం వచ్చి, శక్తినంతా కూడగట్టుకుని ప్రతిఘటించాను. "చూశారా, బిగించేస్తున్నాడు! పట్టుకోండి!" అన్నారు రిటైర్డ్ గార్డుగారు. వారి చేతిలో ఇంటి తాళం, బీరువా తాళం, స్కూటరు తాళం, ఎప్పుడో అమ్మేసిన మరో స్కూటరు తాళం, ఒక గోళ్లు తీసే కత్తెర కలిసిన గుత్తి ఉంది. ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా చూస్తే చాలునని, చేతిలో ఇనుము వల్ల ఒరిగేదేమీ లేదని వైద్యులు ఎంత చెప్పినా మన ఊళ్లలో ఎవరూ వినరు. మూర్ఛ చాలామందిలో రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది, పేరు మాత్రం తాళాలకు దక్కుతుంది.

రైతుబజారు సంచితో వచ్చిన ఒక మామ్మగారు ఉల్లిపాయ తీసి ఇచ్చారు. మా అటెండరు దాన్ని పేపరువెయిటుతో చితక్కొట్టి నా ముక్కు దగ్గర పెట్టాడు. జాకబ్సన్‌గారికి తోచని ఈ ఉపాయంతో నా సర్వాంగాలూ ఒక్క తుమ్ముతో సడలిపోయాయి. పిడికిలి విచ్చుకుంది, గుత్తి అందులో పడింది, హాలంతా చప్పట్లు కొట్టింది. "ఇనుముకున్న మహిమే అది" అన్నారు గార్డుగారు.

"ఫిట్స్ కాదండీ, విశ్రాంతి తీసుకుంటున్నాను" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "విశ్రాంతే ఇలాగుంటే, డ్యూటీ ఎలా ఉంటుంది బాబూ!" అన్నారు.

ఆ మాటకు జవాబు వెతుక్కుంటుండగా నెట్ తిరిగి వచ్చింది. "ఇప్పుడు మనసెంత తేలికగా ఉందో గమనించండి" అని చెబుతున్న శిక్షకురాలు నా గడిని చూసి, శిక్షణ సమయంలో కుటుంబ సభ్యులను దూరంగా ఉంచవలసిందిగా కోరారు.

సాయంత్రానికి ఈమెయిల్ వచ్చింది. నా కెమెరాలో ఒకటికి మించి ముఖాలు కనిపించినందున హాజరు నమోదు కాలేదట, సంజాయిషీ ఇవ్వాలట, తదుపరి బ్యాచిలో మళ్లీ కూర్చోవాలట. సంజాయిషీ రాశాను. ఉల్లిపాయ సంగతి అందులో ఉంచాలో తీసేయాలో మేనేజరుగారు ఇంకా తేల్చలేదు.