పొమ్మనలేక పొగబెట్టారు

లాస్ వెగాస్ నడిబొడ్డున, 2024 అక్టోబరులో పేల్చి కూల్చిన ట్రోపికానా హోటల్ స్థలంలో 2025 జూన్ 23న పెద్దలు పారలు పట్టారు. అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు యజమాని జాన్ ఫిషర్, అమెరికా ప్రధాన బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, నెవాడా గవర్నర్ జో లొంబార్డో అందరూ కలిసి శంకుస్థాపన చేశారు. తొమ్మిది ఎకరాల్లో 33 వేల మంది పట్టే స్టేడియం. అప్పటి అంచనా 175 కోట్ల డాలర్లు. అందులో 38 కోట్ల వరకు ప్రజల సొమ్ము. 2028లో తలుపులు తెరుస్తారట. వేదిక మీద భవిష్యత్తు గురించి ఎంతో మాట్లాడారు. గతాన్ని ఎలా వదిలించుకున్నారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ సంపాదకీయం.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 57 సీజన్లు ఆడిన జట్టు ఇది. 1972, 73, 74లో వరుసగా మూడుసార్లు, 1989లో మరోసారి లీగ్ విజేతను తేల్చే ప్రపంచ సిరీస్ గెలిచింది అక్కడున్నప్పుడే. 2024 సెప్టెంబరు 26న సొంత మైదానం కొలీజియంలో జరిగిన ఆఖరి ఆటకు 46,889 మంది వచ్చారు. టెక్సాస్ రేంజర్స్ మీద 3-2తో గెలిచినా కన్నీళ్లు పెట్టుకుని ఇళ్లకు వెళ్లారు. ఆ జట్టునే ‘జనం రాని జట్టు’ అని ముద్ర వేసి తరలించారు. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వేయాలంటారు. ఇక్కడ జరిగింది అక్షరాలా అదే. మా ఆందోళన ఒక్క ఓక్లాండ్ గురించి కాదు. మైదానాన్ని పాడుపెట్టు, మంచి ఆటగాళ్లను అమ్ముకో, టిక్కెట్టు ధర పెంచు, జనం తగ్గాక ఆ ఖాళీ కుర్చీలనే సాక్ష్యంగా చూపు. ఈ పద్ధతి ఇవాళ లీగ్ ఆమోదముద్రతో చెల్లుబాటయింది. రేపు ఏ నగరం మీదైనా దీన్ని ప్రయోగించవచ్చు.

కొలీజియం పాతబడిందని, మురుగు గొట్టాలు పొంగేవని, ఓక్లాండ్ నగరపాలకులు ఏళ్ల తరబడి తేల్చలేదని మరో పక్షం వాదిస్తుంది. మురుగు పొంగిన మాట నిజమే. 2013లో రెండు జట్లూ స్నానాల గదులు వదిలి ఫుట్‌బాల్ జట్టు గదుల్లోకి వెళ్లాల్సి వచ్చింది. కానీ ఇల్లు కారుతుంటే కప్పు నేయించాలి. ఇంటివాళ్లను వీధిలో వదిలి యజమాని వెళ్లిపోవడం మరమ్మతు అనిపించుకోదు.

ఆ మైదానం మొదటి నుంచీ అలా లేదు. 1966లో తెరిచినప్పుడు అవుట్‌ఫీల్డ్ వెనుక ఎత్తైన కట్టడం ఉండేది కాదు, ఓక్లాండ్ కొండలు కనిపించేవి. 1995లో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టును లాస్ ఏంజెలెస్ నుంచి వెనక్కి రప్పించడానికి ఆ ఖాళీ చోటునే బలిపెట్టారు. ప్రజల పేరిట అప్పు తెచ్చి, ఆకాశాన్నంటే గ్యాలరీ కట్టారు. కొండలు కనుమరుగయ్యాయి. రైడర్స్ యజమాని అల్ డేవిస్ పేరు మీద అభిమానులు దానికి కోపంతో పెట్టిన పేరు ‘మౌంట్ డేవిస్’. ఆ పనులు పూర్తికాక 1996 సీజన్ తొలి సొంతగడ్డ ఆటలను అథ్లెటిక్స్ ఎక్కడ ఆడిందో తెలుసా? లాస్ వెగాస్‌లో. చివరకు రైడర్స్ కూడా 2020లో ఆ ఊరికే వెళ్లిపోయింది. అప్పు మాత్రం ఓక్లాండ్ నగరం, అలమీడా కౌంటీ కడుతూనే వచ్చాయి. సొమ్మొకడిది, సోకొకడిది.

బేస్‌బాల్‌కు అక్కరలేని సీట్లు వేలకు వేలు వచ్చి పడ్డాయి కదా, 2006లో పై అంతస్తుల మీద టార్పాలిన్లు కప్పి సామర్థ్యాన్ని సుమారు 34 వేలకు కుదించారు. అప్పటికి ఫిషర్ బృందం జట్టును కొని ఏడాది. ఆ ఆకుపచ్చ గుడ్డల కింద ఉన్నవి బేస్‌బాల్‌కు అక్కరలేని ఆ సీట్లే. టీవీలో చూసేవారికి మాత్రం అది ‘ఎవరికీ పట్టని జట్టు’. 2017లో వాటిలో కొన్నిటిని తొలగించారు. అప్పటికే ఆ ముద్ర పడిపోయింది.

ఆటగాళ్ల సంగతి మరీ బాధాకరం. 2018, 2019 సీజన్లలో ఈ జట్టు 97 చొప్పున ఆటలు గెలిచింది. 2019లో 16 లక్షల మందికి పైగా చూడటానికి వచ్చారు. ఆ తర్వాత మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్, క్రిస్ బాసిట్, షాన్ మనాయా, షాన్ మర్ఫీ ఒకరి వెనుక ఒకరు ఇతర జట్లకు వెళ్లిపోయారు. సీజన్ టిక్కెట్ల ధరలు మాత్రం పెరిగాయి. 2022లో 102 ఓటములు, 2023లో 112 ఓటములు. ఆ ఏడాది వచ్చినవారు 8 లక్షల 32 వేల మంది. సరుకంతా గోదాము నుంచి తరలించేసి, ధర పెంచి, కొనేవాళ్లు రావడం లేదని దుకాణం మూసేస్తే దాన్ని వ్యాపార నష్టం అంటారా? ఖాళీ కుర్చీలు అభిమానుల నేరానికి సాక్ష్యం కావు, యజమాని చేతిపనికి సాక్ష్యం.

అభిమానులు మౌనంగా ఊరుకోలేదు. 2023 జూన్ 13న వారు చేపట్టిన నిరసన క్రీడాచరిత్రలోనే అరుదైనది. రావద్దని పిలుపునివ్వలేదు, అందరం వద్దామన్నారు. ఎదురు బహిష్కరణ అన్నమాట. 27,759 మంది వచ్చారు. జట్టును ‘అమ్మెయ్’ అన్న ఒక్కమాట రాసిన ఆకుపచ్చ చొక్కాలతో గ్యాలరీలు నిండిపోయాయి. ఐదో ఇన్నింగ్స్ మొదలవుతుండగా స్టేడియమంతా ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఆ వెంటనే అదే నినాదంతో దద్దరిల్లింది. ఆ రోజు అథ్లెటిక్స్ టాంపా బే జట్టు మీద 2-1తో గెలిచింది కూడా. కమిషనర్ స్పందన ఏమిటి? ఒక్క రాత్రికైనా దాదాపు సగటు స్థాయిలో జనం రావడం బాగుందన్నారు. ఇరవై ఏడు వేల మంది గుండెకోతను ఇలా చులకన చేసిన పెద్దమనిషికి ఆట పరిరక్షకుడినని చెప్పుకునే అర్హత ఎక్కడిది? అదే రోజు నెవాడా సెనేట్ స్టేడియం బిల్లును ఆమోదించింది, రెండు రోజుల్లో గవర్నర్ సంతకం పెట్టారు. ఆ నవంబరులో 30 జట్ల యజమానులు ఏకగ్రీవంగా తరలింపుకు చేతులెత్తారు. ఒక్కరైనా అడ్డు చెప్పలేదు.

ఈ ఏకగ్రీవం మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతోంది. వారిలో ప్రతి ఒక్కరికీ తన ఊళ్లో ఏదో ఒక బేరం ఉంది. కన్సస్ సిటీలో కొత్త స్టేడియానికి పన్ను వేయడాన్ని జాక్సన్ కౌంటీ ఓటర్లు 2024 ఏప్రిల్‌లో తిరస్కరించారు. అలాంటి చోట ‘ఓక్లాండ్ గతి చూశారుగా’ అన్న ఒక్కమాట చాలు. ఓటరు చేతి నుంచి బ్యాలట్ లాక్కోనక్కరలేదు. పైగా బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి 1922 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన మినహాయింపు ఇప్పటికీ ఉంది. జట్టును పోగొట్టుకున్న నగరం మరో జట్టును తనంతట తాను తెచ్చుకోలేదు. ఉన్న అంగడి ఒక్కటే, తాళంచెవి వాళ్ల దగ్గరే.

మా పాఠకుల్లో అమెరికాలో ఉన్నవారికి ఇది దూరపు కథ కాదు. ఫ్రీమాంట్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బార్ట్ రైలెక్కితే కొలీజియం స్టేషన్ అదే దారిలో. రైలు దిగి వంతెన దాటితే మైదానం. అదే ఫ్రీమాంట్‌లో కొత్త స్టేడియం కడతామని జట్టు 2006లో ఊరించి 2009లో చేతులెత్తేసింది. తర్వాత శాన్ హోసే అన్నారు, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ తన హద్దుల హక్కు చూపి అడ్డుపడింది. ఆపై ఓక్లాండ్ రేవులోని హోవార్డ్ టెర్మినల్‌లో 55 ఎకరాలు, 1200 కోట్ల డాలర్ల ప్రణాళిక అన్నారు. దానిపై నగరంతో చర్చలు సాగుతుండగానే 2023 ఏప్రిల్‌లో లాస్ వెగాస్ స్థలం ఒప్పందం బయటపెట్టారు. ఇరవై ఏళ్లలో ఎన్ని ఊళ్లను ఊరించారో, ఎన్నిటిని వదిలేశారో లెక్క చూసుకుంటే, ‘నగరం సహకరించలేదు’ అన్న మాట నోటికి రాకూడదు.

ఇంతకీ ఈ జట్టు ఇప్పుడు ఎక్కడుంది? సాక్రమెంటో పక్కన, సుమారు 14 వేల మంది పట్టే ఒక మైనర్ లీగ్ (కింది స్థాయి పోటీల) మైదానంలో. తొలి ఆటలో చికాగో కబ్స్ చేతిలో 18-3తో చిత్తుగా ఓడింది. డ్రెస్సింగ్ గదులు అవుట్‌ఫీల్డ్ అవతల ఉండటంతో ఆటగాళ్లు మైదానం దాటి నడవాలి. టాంపా బే జట్టు కూడా 2025లో చిన్న మైదానంలోనే ఆడింది. అయితే ఆ జట్టు స్టేడియం పైకప్పును 2024లో తుపాను చీల్చింది. ఇక్కడ తుపాను లేదు, యజమాని నిర్ణయం ఉంది. ఆతిథ్యమిచ్చిన ఊరి పేరైనా పెట్టుకున్నారా? లేదు. జట్టు పేరు వట్టి ‘అథ్లెటిక్స్’. 2025లో చొక్కాకు ఒక భుజం మీద సాక్రమెంటో వంతెన బొమ్మ, మరో భుజం మీద లాస్ వెగాస్ పేరు. మధ్యలో మాత్రం ఏ ఊరూ లేకపోయింది. మూడు నాలుగేళ్లు అన్నం పెట్టే ఊరిని సత్రంగా చూడటం మర్యాద కాదు.

స్టేడియం అంటే సీట్ల లెక్క ఒక్కటే కాదని ఈ ఆటకు ఒకప్పుడు బాగా తెలుసు. బోస్టన్‌లో వీధి అడ్డొచ్చినందుకు ఎడమవైపు మైదానం కుంచించుకుపోయి 37 అడుగుల ఆకుపచ్చ గోడ లేచింది. ఇవాళ ఆ గోడే ఆ ఊరి జట్టు చిరునామా. 1992లో బాల్టిమోర్‌లో కామ్డెన్ యార్డ్స్ కట్టినప్పుడు పాత రైల్వే గోదామును కూల్చకుండా దాన్నే కుడివైపు నేపథ్యంగా నిలిపారు. ఊరు మైదానంలోకి నడిచివచ్చింది. ఓక్లాండ్‌కూ అలాంటివి ఉన్నాయి. మరెక్కడా లేనంత విశాలమైన ఫౌల్ స్థలం (ఆట గీతల బయటి చోటు), కుడి గ్యాలరీలో ఆగకుండా మోగే డప్పులు, ఆ ఊళ్లోనే పెరిగి ఆ గడ్డమీదే బేస్‌లు దొంగిలించడంలో (బ్యాటర్ బంతిని కొట్టకముందే తర్వాతి బేస్‌కు దూసుకెళ్లడంలో) రికార్డు తిరగరాసిన రికీ హెండర్సన్ పేరు. ఆయన 2024 డిసెంబరులో కన్నుమూశారు. తన పేరు పెట్టిన మైదానం నుంచి జట్టు వెళ్లిపోయిన మూడు నెలలకే.

లాస్ వెగాస్ నమూనా చూశాం. బ్యార్కె ఇంగెల్స్ సంస్థ రూపకల్పన. ఒకదాని మీద ఒకటి ఒరిగిన ఐదు పొరల తెల్లటి పైకప్పు, కేసినోల వీధి వైపు భారీ గాజు గోడ, లోపలంతా చల్లటి గాలి. అందంగానే ఉంది. కానీ ఆ రూపం ఆ ఊరి మట్టిలోంచి వచ్చిందా, పర్యాటకుడి ఫోను కెమెరా కోసం వచ్చిందా? మేజర్ లీగ్‌లోని చిన్న స్టేడియాల్లో ఒకటిగా 33 వేలకే ఎందుకు కుదించారు? ప్రేక్షకుడు ఆటకు దగ్గరగా ఉంటాడన్నది వాళ్లు చెప్పే కారణం. సీట్లు కొరతగా ఉంటే టిక్కెట్టు ధర నిలబడుతుందన్నది చెప్పని కారణం. ఓక్లాండ్‌లో టార్పాలిన్ కప్పితే అది జనం రాలేదన్నదానికి గుర్తు, వెగాస్‌లో మొదటే సీట్లు తగ్గించి కడితే అది దూరదృష్టి. ఒకే పనికి రెండు పేర్లు ఎలా పెడతారు? పర్యాటకుడు ఒకసారి వస్తాడు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఓడిపోయే జట్టు కోసం డప్పు కొట్టడు.

ఈ జట్టు చిహ్నం ఏనుగు. గత శతాబ్దం ఆరంభంలో న్యూయార్క్ మేనేజరు జాన్ మెక్‌గ్రా దీన్ని తెల్ల ఏనుగని ఎద్దేవా చేస్తే, ఫిలడెల్ఫియాలో ఆనాటి మేనేజరు కోనీ మాక్ ఆ మాటనే గుర్తుగా స్వీకరించి గెలిచి చూపారు. తెల్ల ఏనుగు అంటే మన దగ్గర అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఆ మేత ఇప్పుడు నెవాడా పన్ను చెల్లింపుదారుల వంతు.

ఆ శంకుస్థాపన జరిగిన నెలలోనే కొలీజియంలో మళ్లీ జనం కనిపించారు. 2025 జూన్ 12న అక్కడ మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కో యునికార్న్స్ తరఫున ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 పరుగులు చేసి 19 సిక్సర్లు బాదాడు. పనికిరాదని వదిలేసిన మైదానంలో మనవాళ్లు ఎందరో కూర్చుని చూశారు. కూలిపోలేదు. ఇటు మన దగ్గర, ఉచిత పాసుల వివాదంలో హైదరాబాద్ వదిలి వెళతామని సన్‌రైజర్స్ 2025 మార్చిలో హెచ్చరించింది. ఆ గొడవలో న్యాయం ఎటున్నా, జట్టు పేరులోని ఊరు బేరసారాల్లో పావుగా మారే రోజు మనకూ రావచ్చని అప్పుడే అనిపించింది. ఓక్లాండ్ ఉదంతాన్ని మన క్రికెట్ పెద్దలు చదవాలి.

ఓక్లాండ్ 2019లో బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్‌ను, 2020లో రైడర్స్‌ను, 2024లో అథ్లెటిక్స్‌ను పోగొట్టుకుంది. అయినా 2024లో ఆ ఊళ్లో బాలర్స్ పేరుతో ఒక చిన్న బేస్‌బాల్ జట్టు బరిలోకి దిగింది. రైమండి పార్కులో ఆడుతోంది, జనం వెళుతున్నారు. ఆట మీద ప్రేమ లేని ఊరని ఫిషర్ గారు, మాన్‌ఫ్రెడ్ గారు ఇంకా చెప్పదలచుకుంటే ముందు ఆ పార్కుకు వెళ్లి చూసి రండి. చేతులెత్తిన యజమానులకూ ఒక మాట. రేపు మీ నగరపాలక మండలి ముందు నిలబడి ఖాళీ కుర్చీల ఫొటోలు చూపించి నిధులడిగే రోజు వచ్చినప్పుడు, ఆ కుర్చీల మీద టార్పాలిన్ కప్పింది ఎవరో కూడా అక్కడే చెప్పండి.