ఐదు నిమిషాల లాంతరు

కాగితం లాంతరు చేయడానికి ఐదే ఐదు నిమిషాలు పడుతుందని వీడియోలన్నీ ఏకగ్రీవంగా తీర్మానించాయి. కాదనడానికి మనమెవరం? వాటిలో కనిపించేవి రెండు చేతులే. ఆ చేతులకు పిల్లలు లేరు. నెత్తిన ఫ్యాను తిరగదు. కత్తెర ఎవరు ఎక్కడ పెట్టారో వెతుక్కునే గతి అసలే పట్టదు.

"ముందుగా ఒక కాగితం తీసుకోండి" అంటుంది గొంతు. ఏ కాగితమన్నది దేవరహస్యం. ప్రింటరులో పెట్టే 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) కాగితం అయితే సాయంత్రానికి లాంతరు నడుం వాల్చేస్తుంది. 200 దాటిన అట్ట మడత దగ్గర పగులుతుంది. 120కీ 160కీ మధ్య ఉండాలి. ఈ ముక్క చెప్పడానికి మూడు సెకన్లు చాలు, కానీ ఆ మూడు సెకన్లూ సంగీతానికి రాసిచ్చేశారు.

తర్వాత "మడిచి కత్తిరించండి". ఎటు నుంచి? ఏ4 కాగితాన్ని పొడవు వారగా సగానికి మడిస్తే ఒక పక్క మడత, రెండో పక్క విడి అంచులు వస్తాయి. విడి అంచుల నుంచి 2.5 సెంటీమీటర్లు లోపలికి ఒక గీత గీయాలి. పిల్లలు కత్తిరించేటట్టయితే స్కెచ్‌పెన్నుతో లావుగా గీయాలి, పెన్సిలు గీత వాళ్ల కత్తెరకు ఆనదు. కత్తెర మడత వైపు నుంచి బయల్దేరి గీత దగ్గర ఆగాలి. చీలికకీ చీలికకీ మధ్య 1.5 సెంటీమీటర్లు. అటుదిటు చేశారో, చేతికొచ్చేది రెండు వైపులా పళ్లున్న పేలదువ్వెన.

ఇక అసలు ఘట్టం. "గుండ్రంగా చుట్టి అంటించండి" అంటారు, తెర ఒక్కసారి రెప్ప వేస్తుంది, లాంతరు అతుక్కుపోయి ఉంటుంది. మన ఇళ్లలో కనురెప్పపాటుకు ఇరవై నిమిషాలు. ఇంటి పెద్దాయన రెండు బొటనవేళ్లతో అతుకు నొక్కిపట్టి కూర్చుంటాడు. కాగితానికి సాగిలపడాలని ఉంటుంది. జిగురుకు జారాలని ఉంటుంది. అప్పుడే ముక్కు దురద పెడుతుంది.

"నాన్నా, అయిందా?"

"అయిపోవచ్చిందమ్మా, నువ్వు ముట్టుకోకు."

ఫోను మోగుతుంది. ఆయన మోచేత్తో దాన్ని ఎత్తబోతాడు. వేలు కదులుతుంది, లాంతరు చాపలా విచ్చుకుంటుంది, పైపొర మాత్రం విధేయంగా బొటనవేలికి అంటుకుని వచ్చేస్తుంది. "కుటుంబమంతా కలిసి చేసుకునే సరదా పని" అంటే ఇదేనట! ఎవరూ చెప్పని మందు: చీలికలకు పైన మిగిలిన పట్టీకొకటి, కింద మిగిలిన పట్టీకొకటి, రెండు క్లిప్పులు. అంచు మీద అంచు 1 సెంటీమీటరు ఎక్కాలి. జిగురు అట్టముక్కతో పలచగా రాయాలి. ధారాళంగా పోస్తే కాగితం ముడతలు పడుతుంది, ఆరేది కూడా ఆలస్యమే.

ఆ బొద్దు పొట్ట ఎలా వస్తుందన్నదీ మింగేస్తారు. లోపల 29 సెంటీమీటర్ల పొడవు, 17 సెంటీమీటర్ల ఎత్తు కాగితంతో ఇంకో గొట్టం ఉండాలి. బయటిది 21 ఎత్తు. పై అంచులు కలిపి అంటించి, ఆరాక బయటిదాన్ని కిందికి నొక్కి కింది అంచులు కలిపితే, మిగిలిన ఆ 4 సెంటీమీటర్లే పొట్టగా ఉబ్బుతాయి.

పోనీ, ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చిట్టచివర ఆ చేతులు లాంతరులో నిజం కొవ్వొత్తి పెట్టి వెలిగిస్తాయి చూడండి, అక్కడ నవ్వు రాదు. కాగితం గొట్టంలో మంటా? పక్కన పసిపిల్లలు ఉండగా? కొవ్వొత్తి మంట వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, కాగితం అంటుకోవడానికి అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. చీలికలన్నీ గాలి దారులే. ఫొటో బాగా వస్తుందని ఇది చూపించేవాళ్లకు సిగ్గుండాలి!

ఎల్ఈడీ దీపం పెట్టండి. అదీ బ్యాటరీ మూతకు స్క్రూ బిగించి ఉన్నదే. బిళ్లంత బ్యాటరీని పిల్లవాడు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడన్న అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆగి చూద్దామనుకోకూడదు. వీడియోలో ఈ మాట ఎందుకు లేదంటారా? ఆ చేతులకు పిల్లలు లేరని ముందే చెప్పాను కదా.