కెమెరా పక్కనున్న ఫోన్‌ను సాఫ్ట్‌వేర్ చూడదు

చెస్ ఆటగాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) జాబితాలో 2801 రేటింగ్ అందుకున్నాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు మన వరంగల్ బిడ్డ. ఆ పేరు చూసి పిల్లల్ని బోర్డు ముందు కూర్చోబెడుతున్న తల్లిదండ్రులు హన్మకొండ నుంచి మంచిర్యాల దాకా ఉన్నారు. ప్రతి టోర్నీకీ హైదరాబాద్ పోయి రావడం అందరి వల్లా అయ్యేది కాదు. వాళ్లకు ఆన్‌లైన్ టోర్నీలు నిజంగా అవసరం. వాటిలో మోసం జరిగితే దెబ్బ తగిలేదీ వాళ్లకే. ఐదో రౌండ్‌లో అన్యాయంగా ఓడిన పన్నెండేళ్ల పిల్ల మళ్లీ ఆడనంటే ఏం సమాధానం చెప్తాం?

నిఘా సాఫ్ట్‌వేర్ పెడితే సరిపోతుందనుకునే నిర్వాహకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది చూసేది ఆడుతున్న కంప్యూటర్‌ను. మోసానికి పక్కనున్న ఫోన్ చాలు. ఏ ఎత్తు వేయాలో చెప్పే స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచినా ప్రపంచ ఛాంపియన్‌ను ఓడించేంత బలం దానిది.

అలాగని సాఫ్ట్‌వేర్ దండగ కాదు. ఇలాంటి ప్రోగ్రామ్ స్క్రీన్ మొత్తాన్ని రికార్డు చేస్తుంది. వెనకాల ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో, రెండో మానిటర్ తగిలించారా, ఎనీడెస్క్ లాంటి దానితో దూరం నుంచి ఎవరైనా చేయి పెడుతున్నారా అన్నది పట్టుకోగలదు. చెస్ డాట్ కామ్ ప్రైజ్ టోర్నీల కోసం ప్రాక్టర్ అనే సొంత ప్రోగ్రామే తెచ్చుకుంది. లీచెస్ అనే ఇంకో చెస్ సైట్ అయితే అదనంగా ఏదీ ఎక్కించకుండానే, ఆటగాడు ఎత్తు వేసే ముందు ఆట విండో వదిలి వేరే దాంట్లోకి వెళ్లాడా అన్నది లెక్క పెట్టుకుంటుంది. ఒకే కంప్యూటర్‌లో ఇంజిన్ తెరిచే సోమరి మోసగాళ్లు దీనికి దొరికిపోతారు. మిగతావాళ్ల కోసం కావాల్సింది రెండో కెమెరా.

అది ఇంట్లో ఉన్న ఫోనే కావచ్చు. ఆటగాడికి వెనక, ఒక పక్కగా, మీటరున్నర దూరంలో, భుజం ఎత్తులో పెట్టాలి. అందులో నాలుగు కనపడాలి: లాప్‌టాప్ స్క్రీన్, కీబోర్డు, రెండు చేతులు, గది తలుపు. తల ఒక్కటే కనపడే కెమెరా ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే ఫోన్ ఉండేది ఒళ్లో. మొదటి రౌండ్‌కు ముందు గదంతా ఒకసారి తిప్పి చూపించాలి, బల్ల కింద కూడా. చెవులు కనపడేలా జుట్టు వెనక్కి అనాలి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయాలి. లేకపోతే ఎవరో చుట్టం ఫోన్ చేస్తారు, వీడియో ఆగిపోతుంది, అదే సమయానికి పిల్లాడు మంచి ఎత్తు వేస్తాడు, అనుమానం మొదలవుతుంది. స్క్రీన్ ఆటో లాక్ తీసేయాలి. ఛార్జర్ పెట్టే ఉంచాలి. నిర్వాహకులు చూసే వీడియో మీటింగ్‌లో చేరేటప్పుడు ఆ ఫోన్‌కు ఆడియో కలపొద్దు, కలిపితే లాప్‌టాప్ మైక్‌తో కలిసి కీచుమంటుంది.

ఇక డేటా. ఆట ఒక్కదానికి పట్టేది దాదాపు ఏమీ లేదు. వీడియోలే తినేస్తాయి. ఒక్కో వీడియోకు 600 కేబీపీఎస్ వేసుకున్నా, రెండింటికి గంటకు 540 ఎంబీ అప్‌లోడ్. నాలుగు గంటల టోర్నీ అంటే రెండు జీబీ పైనే. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఆడే ఏటూరునాగారం పిల్లాడికి మూడో గంటకే వేగం పడిపోతుంది. నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో బ్రౌజర్, వీడియో మీటింగ్, నిఘా ప్రోగ్రామ్ మూడూ కలిసి నడిస్తే గడియారం తిరుగుతూనే ఉంటుంది, మౌస్ మాత్రం కదలదు. అప్పుడు నియమం పాటించిన పిల్లాడే టైమ్ మీద ఓడిపోతాడు. అందుకే టోర్నీకి రెండు రోజుల ముందు అదే సమయంలో, అదే పరికరాలతో ఒక అరగంట ట్రయల్ తప్పనిసరి చేయాలి.

కనెక్షన్ తెగితే ఏం చేయాలన్నది కూడా ముందే రాసిపెట్టాలి. 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో ఇంటర్నెట్ అంతరాయం వల్ల మన ఆటగాళ్లు నిహాల్ సరిన్, దివ్య దేశ్‌ముఖ్ టైమ్ మీద ఓడారు. చివరికి భారత్, రష్యాలకు కలిపి స్వర్ణం ఇచ్చారు. ప్రపంచ స్థాయిలోనే అలా జరిగితే, కరెంట్ పోయే ఊళ్లలో చెప్పేదేముంది!

అసలు చిక్కు గణాంకాల దగ్గర. ఆటగాడి ఎత్తులు ఇంజిన్‌తో ఎంత కలిశాయి, అతని రేటింగ్‌కు ఎంత కలవాలి అన్న తేడాను ప్రామాణిక విచలనాల్లో (మామూలుగా ఉండే హెచ్చుతగ్గులకు అది ఎన్ని రెట్లు అన్న లెక్కలో) కొలుస్తారు. బఫెలో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కెన్నెత్ రీగన్ పద్ధతి ఇదే. తేడా 3 దాటితే దొంగ దొరికాడనేస్తారు కొందరు. నిజాయితీగా ఆడేవాళ్లలోనూ దాదాపు 740 మందిలో ఒకరికి అది ఊరికే దాటుతుంది. 370 మందితో రెండు టోర్నీలు పెడితే, ఏ తప్పూ చేయని పిల్లాడు ఒకడు ఆ జాబితాలో పడొచ్చు. పైగా 2024 మార్చి నుంచి ఫిడే రేటింగ్ 1400 దగ్గరే మొదలవుతోంది. జిల్లా టోర్నీలో అంతకు కింది వాళ్లంతా అన్‌రేటెడ్. ఎంత బాగా ఆడాలో తెలియని పిల్లాడు అతిగా బాగా ఆడాడని ఏ లెక్కన చెప్తాం? ఇరవై ఎత్తుల ఆటలో పన్నెండు ఓపెనింగ్ పుస్తకంలోవే అయితే తూచడానికి మిగిలేది ఎనిమిదే.

ఎత్తుల సమయాలు ఇంకొంచెం నమ్మదగ్గవి. ఇలాంటి పట్టిక ఊహించండి: 14వ ఎత్తు, బంటును తిరిగి కొట్టడానికి 7 సెకన్లు. 15వది, ఏనుగును పక్క గడికి జరపడానికి 8. 16వది, గుర్రాన్ని బలివ్వడానికి 7. కొట్టక తప్పని బంటుకు ఒక సెకను చాలు, గుర్రం బలికి నిమిషాలు పట్టాలి. అన్నిటికీ ఒకే సమయం అంటే, ఎత్తును ఫోన్‌లో వేసి జవాబు చూసి వచ్చే వ్యవధి కావచ్చు. ఇక్కడ ఆర్బిటర్ (చెస్ రిఫరీ) చేయాల్సింది ఆ 7 సెకన్ల దగ్గర రెండో కెమెరా వీడియో తెరిచి చేతులు ఎక్కడున్నాయో చూడడం. అనుమానం పట్టికలోంచి రావచ్చు, శిక్షకు మాత్రం వీడియో కావాలి.

కళ్ల కదలికలను బట్టి ఎర్రజెండా ఎత్తే ప్రోగ్రాములను పిల్లల టోర్నీల్లో వాడనే కూడదు. గుకేశ్ బోర్డు ముందు కళ్లు మూసుకుంటాడు. ఉక్రెయిన్ గ్రాండ్‌మాస్టర్ ఇవాన్‌చుక్ పైకప్పు వైపు చూస్తూ ఆలోచిస్తాడు. బోర్డును మనసులో నడిపేవాళ్లు స్క్రీన్ వైపు చూడరు.

చట్టం కూడా ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతికి రుజువు ఉండాలి. పిల్లల ప్రవర్తనపై నిఘాను 9వ సెక్షన్ నిషేధిస్తోంది. జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. ఉన్న కొద్దిపాటి మినహాయింపులు తమకూ వర్తిస్తాయని నిర్వాహకులు ఊహించుకోవద్దు. ఏం రికార్డు చేస్తాం, ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకు చెరిపేస్తాం అన్నది తెలుగులో ఒక పేజీ రాసి సంతకం తీసుకోవాలి. అప్పీలు గడువు ముగిశాక 30 రోజుల్లో వీడియోలు తీసేయడం న్యాయం.

"నిర్వాహకులదే తుది నిర్ణయం" అన్న వాక్యం నియమావళిలోంచి పోవాలి. అనుమానం వస్తే పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. పట్టిక, వీడియో తల్లిదండ్రులకు చూపించి, 48 గంటలు గడువిచ్చి, ఆ టోర్నీతో సంబంధం లేని ఇద్దరు ఆర్బిటర్లతో విననివ్వాలి. అప్పటిదాకా ప్రైజ్ మనీ ఆపొచ్చు, అందరిదీ.

డబ్బు ఎక్కువగా ఉన్న టోర్నీకి ఇల్లు సరైన చోటు కాదు. ఫిడే నియమాల్లో హైబ్రిడ్ పద్ధతి ఉంది: ఆటగాళ్లు తమ ఊరి దగ్గరి హాల్‌లో ఆర్బిటర్ ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో ఆడతారు. 2021లో యూరప్ వాళ్లు ప్రపంచకప్ అర్హత పోటీ ఇలాగే పెట్టారు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాలల్లో ఇంజినీరింగ్ కాలేజీల కంప్యూటర్ ల్యాబులు ఉన్నాయి. క్వాలిఫయర్లు ఇళ్ల నుంచి ఆడించి, చివరి 32 మందిని మూడు ల్యాబుల్లో కూర్చోబెడితే ఒక్కో చోట పది పదకొండు మంది. ఇద్దరు ఆర్బిటర్లు, యూపీఎస్ ఉన్న రౌటర్, తలుపు దగ్గర ఫోన్లకు నంబర్లు వేసిన గుడ్డ సంచులు, స్క్రీన్ రికార్డింగ్‌కు ఉచితంగా దొరికే ఓబీఎస్ ప్రోగ్రామ్ చాలు. నిఘా సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు పెట్టే డబ్బును ముందు ఏటూరునాగారం, ఆసిఫాబాద్ పిల్లల బస్సు చార్జీలకు పెట్టాలి.