ప్రాణానికి ప్రాణం అనే లెక్క ఎక్కడ తప్పుతుంది

ఏదైనా దారుణం జరిగిన ప్రతిసారీ ఒక మెసేజ్ ఫోన్లలో మళ్లీ తిరుగుతుంది. "ప్రాణానికి ప్రాణం, అదే న్యాయం. శిక్ష ఎంత కఠినంగా ఉంటే నేరాలు అంత తగ్గుతాయి. చంపినవాడికి హక్కులేంటి, విచారణేంటి? బాధితుల కుటుంబం గురించి ఆలోచించండి." పంపేవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఆ కోపం తప్పని అనను. కానీ ఆ మెసేజ్ చెప్పే మాటలు నిలబడవు.

మొదటిది, ప్రాణానికి ప్రాణం. దాదాపు 3,750 ఏళ్ల కిందట బాబిలోన్‌ని ఏలిన హమ్మురాబి శాసనంలోనే కన్నుకు కన్ను ఉంది. అయితే అది సాటి హోదా ఉన్నవాడి కన్ను పోగొడితేనే. బానిస కన్ను పోగొడితే అతని ఖరీదులో సగం కడితే చాలు. లెక్క సరిసమానంగా కనిపించినా, ఎవరి కన్ను ఎంత చేస్తుందో పైనున్నవాళ్లే తేల్చారు. పైగా ఈ లెక్కను మనమే చివరిదాకా పాటించం. ఇల్లు తగలబెట్టినవాడి ఇల్లు తగలబెట్టమని ఏ కోర్టూ చెప్పదు. తప్పుకు తగ్గ శిక్ష ఉండాలన్న మాట వేరు, దాన్ని నేనూ ఒప్పుకుంటాను. చేసిన పనే తిరిగి చేయాలన్నది వేరు.

కఠినత్వం సంగతికొస్తే, దీన్ని ఇంగ్లండ్ నిజంగానే చేసి చూసింది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ 200కు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది. ఎవరింట్లోనైనా 40 షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలించినా ఉరే. జరిగిందేంటి? దొంగతనానికి మనిషిని చంపడానికి జ్యూరీలకు, అంటే కోర్టులో తీర్పు చెప్పే సామాన్యుల బృందాలకు, మనసొప్పలేదు. ఎంతో ఎక్కువ ఖరీదు చేసే సొత్తును కూడా 39 షిల్లింగులేనని ప్రమాణం చేసి మరీ రాసేవారు. కొందరిని ఏకంగా వదిలేసేవారు. శిక్ష పెరిగేకొద్దీ అది పడుతుందన్న నమ్మకం తగ్గింది. నేరాన్ని ఆపేది శిక్ష క్రూరత్వం కాదు, అది తప్పదన్న భయమేనని ఇటలీలో బెకారియా అనే ఆలోచనాపరుడు 1764లోనే రాశాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది, నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే. పదిమందిని భయపెట్టడమే లక్ష్యమైతే, దొరికినవాడు నిజంగా నేరస్థుడా కాదా అన్నది పట్టించుకోనక్కర్లేదు. జనం నమ్మితే చాలు, నిర్దోషిని ఉరితీసినా భయం పుడుతుంది. హత్యకు మరణశిక్షే సరైనదని గట్టిగా వాదించిన జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా ఇక్కడ ఆగమన్నాడు. ముందు ఆ మనిషి శిక్షకు అర్హుడని తేలాలి, దానివల్ల ఎవరికేం మేలన్నది ఆ తర్వాతే ఆలోచించాలి అన్నాడు. ఒక మనిషిని బంధించడం, చంపడం మామూలుగా అయితే నేరాలే. మనందరి పేరున ప్రభుత్వం ఆ పని చేస్తున్నప్పుడు, "ఇతనే చేశాడు, తెలిసే చేశాడు" అని చూపించాల్సిన బాధ్యత మనదే.

ఇక హక్కులేంటి, విచారణేంటి అన్న ప్రశ్న. లండన్‌లో తిమోతీ ఎవాన్స్ భార్య, పసిపాప హత్యకు గురయ్యారు. పాపను అతనే చంపాడని తీర్పిచ్చి 1950 మార్చిలో ఉరితీశారు. అతనికి వ్యతిరేకంగా ముఖ్యసాక్షి అదే ఇంట్లో కింది వాటాలో ఉండే క్రిస్టీ. 1953లో అదే ఇంట్లో అద్దెకుంటున్న ఒకాయన వంటగది గోడకు అంటించిన కాగితం ఊడదీస్తే, వెనక ఖాళీలో ముగ్గురు ఆడవాళ్ల శవాలు కనిపించాయి. అన్నీ క్రిస్టీ చేసిన హత్యలే. ఎవాన్స్ భార్యను చంపింది కూడా తానేనని అతను ఒప్పుకున్నాడు. ఎవాన్స్‌ని ఉరితీసి కేసు ముగిసిందనుకున్న తర్వాత, క్రిస్టీ తన సొంత భార్యతో కలిపి మరో నలుగురిని చంపాడు.

అక్కడ విచారణ జరిగింది, లాయర్ ఉన్నాడు, అప్పీలు కూడా విన్నారు. అయినా పొరపాటు జరిగింది. అవేవీ వద్దంటోంది ఈ మెసేజ్.

బాధితుల కుటుంబం గురించి ఆలోచించమనేవాళ్లు ఒక్కసారి ఎవాన్స్ గురించి ఆలోచించాలి. చనిపోయిన ఆమెకు భర్త, ఆ పాపకు తండ్రి అతనే. 1966లో అతనికి క్షమాభిక్ష ప్రకటించారు. అప్పటికి అతన్ని ఉరితీసి 16 ఏళ్లు.